గాలి పరుపు మీద బొంత

మొన్న మా అంతస్తులో చివరి గది ఆమె వచ్చి, "అల్లుడు వస్తుండు, మీ గాలి పరుపు రెండు రోజులు ఇస్తవా?" అని అడిగింది. అటక మీంచి దించి ఇచ్చాను. ఇచ్చి ఊరుకోవచ్చు కదా! కింద చాప వెయ్యి, గాలి బిర్రుగా నింపకు, పైన బొంత లేకుండా పండబెట్టకు అని పెద్ద పాఠం చెప్పాను. "పరుపు ఇస్తున్నవా, బిడ్డనిస్తున్నవా?" అని నవ్వుకుంటూ పోయింది. గాలి పరుపు గురించి నాకు ఇంత తెలుసని ఆమెకేం తెలుసు? ఆ విద్య నాకు మా వదినె నేర్పింది, అదీ వారం రోజులు నోరు విప్పకుండా.

వదినె అంటే మా ఆయన అక్క. పాలమూరు దగ్గర పల్లెలో ఉంటుంది. నాలుగేళ్ల కింద ఆమెకు రొమ్ములో గడ్డ వస్తే ఇక్కడ బొంబాయి దవాఖానలోనే ఆపరేషన్ చేశారు. ఊరికి పోయి పుండు మానాక, వానాకాలం మొదట్లో మళ్లీ వచ్చింది, కరెంటు పెట్టించుకోవడానికి. రేడియేషన్‌ని మా వాళ్లు అలాగే అంటారు. వారానికి అయిదు రోజుల చొప్పున ఇరవై అయిదు సార్లు పెట్టాలనీ, మధ్యలో ఆపితే చేసిందంతా వృథా అనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కామాటిపురలో మాది పది బై పన్నెండు ఒంటిగది ఖోలీ. అందులోనే పొయ్యి, స్నానానికీ అంట్లకూ మోరీ, బీరువా, దేవుడి పటాలు, ఒక్క ఇనుప మంచం. మంచం ఆమెకే ఇస్తామన్నాం. మా ఆయనకు నడుము పట్టేసి అప్పటికి ఏడాదైంది. "తమ్ముడు కింద మూలుగుతుంటే నాకు మీద నిద్ర పడుతదా?" అని ఆమె ఒప్పుకోలేదు. నేల మీద పండబెడదామంటే ఆ వానల్లో బండలు చెమర్చి తడితడిగా ఉండేవి. చివరికి మా అమ్మాయి ఫోనులో చూసి ఈ గాలి పరుపు తెప్పించింది. మా అమ్మాయి ఇంట్లో కూడా మరాఠీయే మాట్లాడుతుంది. మేనత్తను మరాఠీ వాళ్ల లెక్కన "ఆత్యా" అని పిలిస్తే, వదినెకు అది "అత్తయ్యా" అని వినబడి, పిల్ల తెలుగు మరచిపోలేదని మురిసిపోయింది. మేమూ దిద్దలేదు.

నాకూ వదినెకూ ఉన్న సంగతి ఒకటి చెప్పాలి. నేను ఈ గల్లీలోనే పుట్టాను. మా తాత ఇక్కడికి రాళ్లు మోయడానికి వచ్చినవాడు. పెళ్లయిన కొత్తలో మొదటిసారి అత్తగారి ఊరికి పోతే నులక మంచం వేశారు. ఒళ్లంతా అచ్చులు పడ్డాయి. పొద్దున్నే అత్తతో ఆ మాట మెల్లగా అన్నాను. పక్కనే పేడ కలుపుతున్న వదినె, వాకిట్లో ఉన్న చుట్టాలందరికీ వినబడేలా, "బొంబాయి దొరసానికి పూలపాన్పు కావాల్నట!" అంది. అందరూ నవ్వారు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లు మా ఇద్దరి మధ్య "బాగున్నవా?", "బాగున్న" తప్ప మూడో మాట లేదు.

కరెంటు కోసం వచ్చినప్పటి నుంచీ రోజూ పొద్దున, "నిద్ర పట్టిందా వదినె?" అని అడిగేదాన్ని. "మంచిగ పట్టింది" అనేది. ఆరోసారి కరెంటు పెట్టించి, దవాఖాన నుంచి తీసుకొచ్చి దింపి మా ఆయన డ్యూటీకి పోయాడు. నేను కూరగాయలు తెచ్చుకొని వచ్చేసరికి ఆమె బయట వరండాలో, నీళ్ల డ్రమ్ముకూ గోడకూ మధ్య కూర్చొని, నోరు తెరిచి నిద్రపోతోంది. పక్కన పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. తట్టి లేపాను.

"లోపల పరుపు పెట్టుకొని ఇక్కడేంది వదినె?"

"నేను ఊరికి పోత మరదలా. ఇగ చాలు నాకు."

"అదేంది? ఇంకా పందొమ్మిది సార్లు ఉండె కదా!"

"వచ్చిన కాంచి కన్ను మూయలే. కరెంటు పెట్టిన కాడ మంట, కింద ఆ రబ్బరు మంట. నాతోని కాదు."

"మరి నాకు చెప్పలేదేంది?"

ఆమె కొంగు సర్దుకుంటూ డ్రమ్ము వైపు చూసింది. "ఏ ముఖం పెట్టుకొని చెప్పాలె?"

నాకు అర్థమైంది, ఆ పూలపాన్పు మాట ఆమె కూడా మరచిపోలేదు. ఒకప్పుడు ఎవరైనా వదినెకు మా ఇంట్లో పడక కుదరలేదని చెప్పి ఉంటే సంతోషపడేదాన్నేమో. ఆ పూట మాత్రం ఏమీ అనిపించలేదు, భయం తప్ప. ఆ సాయంత్రం మా ఆయన, "అక్క టికెట్ తీయమంటుంది" అని బిక్కమొగం వేసుకొని చెప్పాడు. "రెండు రోజులు ఆగమను" అన్నాను.

మర్నాడు వాళ్లు దవాఖానకు పోగానే తలుపు గడియ పెట్టి, పరుపు నింపి నేనే పండుకున్నాను. పది నిమిషాల్లో వదినె పడ్డ కష్టమంతా తెలిసిపోయింది. మా అమ్మాయి కాలిపంపు తొక్కి తొక్కి దాన్ని డప్పులా బిగించేది. పక్కకు తిరిగితే అది మనల్ని అటు దొర్లించేది. కదిలితే చాలు కీచుమనేది. బండల మీద జారేది. అన్నిటికీ మించి, పల్చటి దుప్పటి కింద ఆ రబ్బరు వెచ్చబడి, వీపంతా చెమటతో అంటుకుపోయేది. నా చర్మానికే అట్లా ఉంటే, కమిలిన చర్మానికి ఎట్లా ఉంటుంది!

లేచి పని మొదలుపెట్టాను. కింద చాప, చాప మీద పాత దుప్పటి వేస్తే జారడమూ కీచుమనడమూ పోయాయి. మూత తీసి కొంచెం కొంచెం గాలి వదులుతూ పండుకొని చూశాను. తుంటి కాస్త దిగాలి గాని నేలకు తగలకూడదు. మూడుసార్లకు కుదిరింది. తలవైపు గోడకు ఆనించాను, దిండు జారిపోకుండా. ఇక మిగిలింది వేడి. దానికి బొంతే కావాలి. మా ఇంట్లో బొంతలు ఎప్పుడో పోయాయి, అందరికీ షోలాపూరు దుప్పట్లే. నాలుగు పాత నూలు చీరలు తీసి, ఫోరస్ రోడ్డులో లావు దారం కొనుక్కొచ్చి, వదినె ముందే నేల మీద పరిచి కూర్చున్నాను.

ఆపరేషన్ అయిన వైపు కాబట్టి ఆమె కుడిచెయ్యి పైకి లేవదు. కాసేపు ఊరికే చూసింది. తర్వాత ఆగలేకపోయింది. "గదేం కుట్టు? కుక్క నడిచినట్టున్నది. దగ్గర దగ్గర వేయాలె. ముడి పైకి రావొద్దు, ఒత్తుకుంటది. నీకు మీయమ్మ ఏం నేర్పలేదా?" ఇరవై నాలుగేళ్లలో ఆమె నన్ను ఇంతసేపు తిట్టడం అదే మొదటిసారి. నాకు ఎందుకో హాయిగా అనిపించింది. విప్పి మళ్లీ కుట్టాను. రెండో రోజు సూదిలోకి దారం ఎక్కిస్తుంటే, ఆమె ఎవరితోనో చెబుతున్నట్టు అంది: "నువ్వు మా ఇంటికొచ్చిన నాడు ఇంట్ల మూడు బొంతలుండె. పెట్టెల. ఒకటి తీసి ఆ నులక మీద ఏస్తే అయిపోవు. నేనే తీయలే."

"ఎందుకు తీయలే?"

"ఏమో. తమ్ముడు ఇగ మా వాడు కాడనిపించింది."

నేను దారం ఎక్కించి మళ్లీ కుట్టు అందుకున్నాను. "ఆ మూల వదులైంది, చూడు" అంది.

మూడో రోజు మధ్యాహ్నం బొంత పరుపు మీద వేసి, జారకుండా నాలుగు మూలలా నాడాలు కట్టాను. వదినె ఎడమ పక్కకు తిరిగి పండుకుంది. కుక్కర్ కూత పెడుతుందని పొయ్యి కట్టేశాను. వరండాలో పిల్లల్ని కింది గల్లీలోకి తరిమాను. ఒంటిగంటకు పండుకున్న మనిషి వీధి దీపాలు వెలిగాక లేచి, "పొద్దుగూకిందా?" అంది. చెంప మీద కుట్ల అచ్చులు పడ్డాయి. వంట కాలేదని ఆ పూట మా ఆయన వడాపావ్‌తో సరిపెట్టుకున్నాడు. టికెట్ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇరవై అయిదూ పూర్తయ్యాయి. చర్మం నల్లబడింది, మళ్లీ తేరుకుంది. బొంత ఆమెతో ఊరికి పోయింది, ఇక్కడ ఇంకోటి కుట్టుకున్నాను. ఆర్నెల్లకోసారి చూపించుకోవడానికి వస్తుంది, రెండు రోజులు ఉంటుంది, నా కుట్టుకూ నా పప్పుకూ వంకలు పెట్టి పోతుంది. అప్పుడప్పుడు పనంతా అయ్యాక కూర్చొని వెనక్కి తలచుకుంటాను. మేము మాట్లాడుకోకుండా గడిచిన ఇరవై నాలుగేళ్లలో ఒక్క రోజు కూడా విడిగా గుర్తుకు రాదు, అన్నీ కలిసి ఒక్కటే రోజులా ఉంటాయి. ఆ అయిదు వారాల్లో మాత్రం ఏ రోజు ఏ కూర వండానో ఇప్పటికీ చెప్పగలను.