ముట్టించని చుట్ట

నా చిన్నప్పుడు ఖాజాగూడలో మా అవ్వకు చుట్ట ముట్టించి ఇచ్చే పని నాది. అవ్వంటే మా నాయినకు తల్లి. పగలంతా గుట్టల దగ్గర కంకర కొట్టి వచ్చి అరుగు మీద కూలబడేది. నేను చుట్ట తీసుకుని పొయ్యి దగ్గరికి పరిగెత్తి, కొరివికి ఆనించి, అంటుకునేదాకా రెండు దమ్ములు లాగి, తెచ్చి ఆమె చేతికిచ్చేవాణ్ణి. ఆ రోజుల్లో పిల్లల చేత నిప్పు తెప్పించుకోవడం ఎవరికీ తప్పుగా తోచేది కాదు. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ రెండు దమ్ముల కోసం సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఎదురుచూసేవాణ్ణి. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అవ్వ చెవులకు గంటీలుండేవి. బరువైన బంగారు సొమ్ములు, ఆమె తల్లి పెట్టినవి. ఏళ్ళ తరబడి ఆ బరువుకు సాగి సాగి, ఒకనాడు కంకర తట్ట దించుతుంటే కుడి చెవి తమ్మె రెండుగా చీలిపోయింది. ఊడిన గంటీని కొంగుకు ముడేసుకుని ఇంటికొచ్చింది. కొన్నాళ్ళకు గాయం మానింది గానీ చెవి రెండు పాయలుగా వేలాడేది. ఇక ఆమె ఆ సంగతి వదిలేస్తుందని అందరం అనుకున్నాం. అవ్వ మాత్రం కుట్టించుకుంటానంది.

ఊళ్ళో ఆడవాళ్ళకు అదొక నవ్వులాట అయింది. బావి దగ్గర ఒకామె, "ఏందవ్వా, మళ్ళ పెండ్లి చేసుకుంటవా?" అంది. "పిలగాన్ని నువ్వే చూడు. నీ మొగని లెక్క బద్ధకపోడు మాత్రం వద్దు" అంది అవ్వ, బిందె నెత్తినెత్తుకుంటూ. మా నాయినకైతే కోపమే. ఈ వయసులో సోకులేందని అరిచాడు. అవ్వ ఒకటే మాట చెప్పింది. "చెవి నాది. నాకు కావాలె."

పక్క ఊరి దవాఖానలో ఒక కంపౌండర్ ఉండేవాడు. చీలిన అంచులను రక్తం చెమర్చేదాకా గీకి, రెండూ చేర్చి కుట్టాడు. నలభై రోజులు చుట్ట ముట్టొద్దని, పొగ తాగేవాళ్ళకు కుట్లు పట్టక ఊడిపోవడం తన కళ్ళతో చూశానని చెప్పాడు. ఇంటికి రాగానే అవ్వ చుట్టల డబ్బా నా చేతిలో పెట్టింది. "నేనడిగినా ఇయ్యకు. కాళ్ళు మొక్కినా ఇయ్యకు" అంది.

నాలుగు రోజులు ఓర్చుకుంది. అయిదో రోజు సాయంత్రం అడిగింది. జాలిపడి ఇచ్చానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ నాలుగు రోజులూ నాకూ ఒక్క దమ్ము దొరకలేదు. ఆమె ఇంకా మాట పూర్తి చేయకముందే పొయ్యి దగ్గరికి ఉరికాను. రెండు దమ్ములు లాగాల్సిన చోట అయిదారు లాగాను. తర్వాత రోజూ అదే నడిచింది. పది రోజులు తిరక్కుండా చెవి అంచు నల్లబడింది, దారాలు మాంసాన్ని కోసుకుంటూ జారిపోయాయి.

డబ్బా ఎవడిచ్చిండని నాయిన ఇల్లంతా దద్దరిల్లేలా అరిచాడు. నేను తలుపు వెనక నక్కాను. "ఎవడిస్తడు? నేనే తీసుకున్న. నోరు నాది, చెవి నాది, నీకేంది?" అని అవ్వ అంతకంటే గట్టిగా అరిచింది. నాయిన వెళ్ళిపోయాక నన్ను దగ్గరికి లాక్కుని నా నోరు వాసన చూసింది. కొడుతుందనుకున్నాను. నా గడ్డం పట్టుకుని చాలాసేపు అట్లాగే చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు నేను చూడటం అదే మొదలు.

గాయం మానాక మళ్ళీ కుట్టమని పోయింది. తమ్మెలో మాంసం కొంచెమే మిగిలిందని, ఈసారి పోతే ఇక కుట్టడానికి ఏమీ ఉండదని కంపౌండర్ చెప్పాడు. ముందు ఒక నెల మానేసి రమ్మన్నాడు, తర్వాత మళ్ళీ నలభై రోజులన్నాడు. ఈసారి అవ్వ డబ్బా నాకివ్వలేదు. అందులోంచి ఒక్క చుట్ట తీసి నడుం దగ్గర చీరలో దోపుకుంది, మిగతావి ఎవరికో పంచేసింది. ఆ ఒక్కటి కూడా పారేయమని అందరూ పోరారు. "దాస్తె దొంగ లెక్క ఎతుకుత. ఎదురుంగ ఉంటెనే దాని మొఖం మీద వద్దనొచ్చు" అంది. సాయంత్రం కాగానే దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుని, పగవాణ్ణి చూసినట్టు చూసేది. ఒకనాడు ఉండబట్టలేక ముట్టించి తేనా అని అడిగాను. "ఇది నా కాడ ఉంటది. నేను దాని కాడ ఉండ" అంది.

చెవి అతికింది. కొంచెం వంకరగానే, కానీ అతికింది. ఆరు నెలలకు అతుకు పక్కన కొత్తగా చెవి కుట్టించుకుని, గంటీలు పెట్టుకుని, నీళ్ళు అవసరం లేకపోయినా బిందె తీసుకుని బావికి పోయింది. తర్వాత ఎప్పుడైనా చుట్ట తాగేది, అబద్ధమెందుకు. కానీ నా చేత మళ్ళీ ముట్టించలేదు. మోకాళ్ళు పట్టుకుని తనే లేచి పొయ్యి దగ్గరికి నడిచేది.

ఇంత చూసి కూడా నేను నలభై ఏళ్ళు సిగరెట్లు తాగాను. ఇప్పుడు మాదాపూర్‌లో ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. నిజాంపేట నుంచి వస్తూ బండి మీంచి పడ్డప్పుడు చెంప చీలి, మచ్చ నోటిని పక్కకు లాగేసింది. దాన్ని సరిచేయించుకుందామని దవాఖానకు పోయాను. అందం కోసమే. అరవై దాటాక ఎందుకని అడిగేవాళ్ళకు నా జవాబు అవ్వ జవాబే. డాక్టరమ్మ చిన్న వయసామె. పక్క చర్మాన్ని జరిపి కుడతామని, దానికి సన్నని రక్తనాళాల్లోంచి నెత్తురు అందాలని, పొగ ఆ నాళాలను బిగించేస్తుందని ఓపికగా చెప్పింది. ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు ఒక్కటి కూడా వద్దంది. మానేశానన్నాను. ఆఫీసు ఎదుట టీ బండి దగ్గర రోజుకు మూడు తాగుతూ, సోంపు నములుతూ, మానేశానన్నాను. ఆపరేషనైన వారానికి చెంప అంచు నల్లబడింది. ఆ నలుపు నాకు తెలిసిన నలుపే. అయినా నీకు కుట్టడం రాదని ఆ పిల్ల మీద పదిమందిలో అరిచాను. అవ్వ నా తప్పును తన మీద వేసుకుంది. నేను నా తప్పును ఇంకొకరి మీద వేశాను.

తొమ్మిది రోజుల తర్వాత మళ్ళీ పోయి, అదే పదిమందిలో, తాగింది నేనేనని చెప్పాను. ఆమె కాసేపు కాగితాలు చూసుకుని, "ఇంకోసారి చేద్దాం అంకుల్. ఈసారి మీ మాట నమ్మను, రక్తం పరీక్ష చేస్తాను" అంది. చేయమన్నాను.

గాయం మానడానికి నెలలు పట్టింది. రెండో ఆపరేషన్ వచ్చే సోమవారం. మానేసి ముప్పై ఎనిమిది రోజులైంది. జేబులో మాత్రం ఒక సిగరెట్టు ఉంది, మొదటి రోజు పెట్టుకున్నదే, నలిగి వంగిపోయింది. నిన్న టీ బండి దగ్గర ఒకతను దాన్ని చూసి, "తాతా, అగ్గి గావాల్నా?" అని లైటర్ చాపాడు. వద్దన్నాను. మరి ఎందుకు పెట్టుకున్నవని నవ్వాడు. వంకర నోటితోనే, వీలైనంత గట్టిగా, అవ్వ మాట చెప్పాను.

"ఇది నా కాడ ఉంటది. నేను దాని కాడ ఉండ."