మంచె కింద మనిషి

చిన్నోడా!

అలా పిలిచి వెనక్కి తిరిగేసరికి నా భుజం పక్కనే ఉండేవాడు. ఎప్పుడు వచ్చాడో తెలిసేది కాదు. ఆ రోజు బాగా పొద్దెక్కాక వంటింటి గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది. చప్పుడైందంటే నా కొడుకు కాదని అప్పుడే అనుకున్నాను. డ్రైవర్ ఖాన్ భాయ్ టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు.

"అమ్మాజీ, చూల్హా బంద్ కరో" అన్నాడు. పొయ్యి ఆర్పమన్నాడు. ఆయన మొహం చూసి పొయ్యి ఆర్పాను.

నా కొడుకు పోయాడు. పాము కరిచింది. మన తెలుగువాళ్లు కొందరు ఫోన్లు చేసి ఎట్లా జరిగిందమ్మా అని అడుగుతున్నారు. అందరికీ మళ్లీ మళ్లీ చెప్పలేక ఇది రాస్తున్నాను. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి.

మాది జగిత్యాల దిక్కు, అడవి పక్కన ఊరు. తాయిఫ్ పైన కొండల్లో ఒక సౌదీ ఆయన మజ్రాలో, అంటే తోటలో, నేను వంట చేస్తాను. నా కొడుకు అదే మజ్రాలో కాపలా మనిషి. ముందు వాడు వచ్చాడు. వంటకు మనిషి కావాలని మా కఫీల్, అదే మజ్రా యజమాని, అడిగితే, "మా అవ్వ ఉంది బాబా, ఆమె చేతి రొట్టె తింటే నువ్వు నన్ను పంపియ్యవు" అన్నాడట. మా దిక్కు తల్లిని అవ్వ అంటాం. కఫీల్‌ను ఇక్కడ అందరం బాబా అంటాం.

మజ్రా వెనక కొండకంతా కంచె ఉంది. లోపల దట్టంగా అరార్ చెట్లు. వాటి మధ్య బాబా జింకలను పెంచుతాడు. ఎండలు తగ్గగానే స్నేహితులను పిలుచుకుని వచ్చి, మందలో ముసలిదైన పోతును ఒకదాన్ని వేటాడతాడు. అందుకోసం లోయ అంచున పెద్ద చెట్టుకు ఇనుప నిచ్చెన, పైన కూర్చోవడానికి చెక్కలు, చుట్టూ పచ్చ గుడ్డ కట్టించాడు. దాన్ని చూడగానే నేనూ నా కొడుకూ ఒకేసారి "మంచె" అన్నాం. అని నవ్వుకున్నాం.

మా ఊళ్లో మక్క చేన్లలో మంచెలుండేవి. మా నాయిన మంచె మీద కూర్చుని డబ్బా కొట్టి, గొంతు పోయేదాకా అరిచి పందులనూ జింకలనూ తరిమేవాడు. ఇక్కడి మంచె దగ్గర దగ్గకూడదు.

"ఆడ అరిస్తే కూలి, ఈడ అరవకుంటే కూలి. ఇదేం లోకమే అవ్వా!" అనేవాడు నా కొడుకు.

చప్పుడు లేకుండా నడవడం వాడికి మా నాయిన దగ్గరే వచ్చింది. మంచె ఎక్కేదాకా జింకలకు తెలియకుండా పోయి, ఒక్కసారిగా అరిస్తేనే అవి బెదురుతాయని మా నాయిన అనేవాడు. తాత వెనక తోకలాగా పోయి పోయి నేర్చుకున్నాడు. మడమ ముందు పెట్టకూడదు. పాదం అంచు ఆనించి, కింద ఏముందో కాలితోనే చూసుకుని, అప్పుడు బరువు వేయాలి. గాలి వీస్తున్నప్పుడే నడవాలి. గాలి ఆగితే కాలు ఎక్కడుంటే అక్కడే ఆపాలి. నా పొయ్యిలోంచి చిటికెడు బూడిద తీసి జేబులో వేసుకుని, దాన్ని వదిలి గాలి ఎటు పోతుందో చూసేవాడు. వేటకు ముందు రోజు నుంచి సబ్బు ముట్టేవాడు కాదు. ఒకసారి బాబా స్నేహితుడు ఒళ్లంతా అత్తరు పూసుకుని వస్తే, నా చెవిలో "ఈ వాసనకు పెండ్లని చుట్టాలొస్తరు గని జింకలు రావు" అన్నాడు. నేను చాయ గ్లాసులు పట్టుకుని నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాను.

వేటకు ముందు సాయంత్రం మంచె దాకా దారంతా వంగి వంగి ఎండు పుల్లలు ఏరేవాడు. మర్నాడు బాబా కాలి కింద ఒక్కటి కూడా విరగకూడదని. ఆ పుల్లలు మోపుగట్టి నా దగ్గరికి తెచ్చేవాడు. వంటింట్లో గ్యాస్ ఉన్నా మా ఇద్దరి రొట్టెలు నేను బయట రాళ్ల పొయ్యి మీదే చేస్తాను. ఆ పుల్లలు టపటపమని మండేవి. అడవిలో చప్పుడు కావొద్దని ఏరుకొచ్చినవన్నీ నా పొయ్యిలో అరిచేవి.

నా వెనక దొంగలాగా వచ్చి నిలబడడం వాడికి ఆట.

"జెర దగ్గి రారాదురా! మనిషివా, పిల్లివా?"

"దగ్గుడు అలవాటైతే నా నౌకరి పోతదే అవ్వా."

"నాకు గుండె ఆగితే?"

"నీ గుండెకేమైతది, గిర్నీ లెక్క నడుస్తది. ఇంకో రొట్టె ఎయ్యి. ఖాళీ కడుపు మొత్తుకుంటది, బాబా మంచె మీదికెల్లి గుడ్లురుముతడు."

బాబా తన ముందు నడవనిచ్చేది వీడినే. "హాదా హవా" అనేవాడు, వీడు మనిషి కాదు గాలి అని. బాబా వాడికి మంచి బూట్లు కొనిచ్చాడు. అవి వేసుకుంటే కాలికి ఏమీ తెలియదని వంటింటి గుమ్మం దగ్గర విడిచి, ఒట్టి కాళ్లతో పోయేవాడు. వెలుతురు పడితే జింకలు లేచిపోతాయని టార్చి కూడా వద్దనేవాడు. పాములుంటాయిరా అంటే, "మనం దాని మీద కాలు ఎయ్యంగదా, ముందుగాల కాలితోని సూస్తంగదా" అనేవాడు.

మా నాయిన వాడికి ఇంకో మాట కూడా నేర్పాడు. మంచె మీద మనిషి కూర్చున్నాక కింద మనిషి లేనట్టే అని. వాడు దాన్ని గర్వంగా చెప్పుకునేవాడు. బాబా పైన ఉన్నంతసేపూ కింద చెట్టుకు ఆనుకుని, ఈగ వాలినా తోలకుండా నిలబడేవాడట.

ఆ రోజు తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే బాబా, ఒక అతిథి, నా కొడుకు కంచె లోపలికి వెళ్లారు. ఖాన్ భాయ్ బండితో కిందనే ఆగాడు. తర్వాత జరిగింది ఆయన చెప్పిందే రాస్తున్నాను. వాళ్లిద్దరినీ నిచ్చెన ఎక్కించి నా కొడుకు కింద నిలబడ్డాడు. చెట్టు మొదట్లో రాలిన ఆకులో చిన్న నల్ల పాము ఉంది. చిటికెన వేలంత లావు కూడా లేదట. అది కరిచింది. పైన ఇద్దరూ లోయలోకి చూస్తూ కూర్చున్నారు. బాగా వెలుతురు వచ్చేదాకా కూర్చున్నారు. దిగి వచ్చి చూస్తే నా కొడుకు చెట్టుకు ఆనుకుని ఉన్నాడు. తలగుడ్డ చింపి కాలికి కట్టుకున్నాడు. మిగతా గుడ్డ నోట్లో కుక్కుకుని ఉన్నాడు.

మీరంతా నన్ను అడుగుతున్నది అదే గదా, అరవలేకపోయాడా అని. అరవగలడు. గుడ్డ తన చేత్తో తనే పెట్టుకున్నాడు.

బాబా వాణ్ణి భుజం మీద వేసుకుని కొండ దిగాడట. బండిలో ఖాన్ భాయ్ వాడి నోట్లోని గుడ్డ తీస్తే నా కొడుకు ఒక్కటే అడిగాడట, "గజాల్ వచ్చిందా?" అని, జింక వచ్చిందా అని.

"వచ్చింది బేటా, పెద్ద కొమ్ములది వచ్చింది అని చెప్పాను అమ్మాజీ" అన్నాడు ఖాన్ భాయ్. చెప్పి ఏడ్చాడు. ఆ రోజు ఒక్క జింకా రాలేదు.

ఆసుపత్రి చేరేసరికే పోయాడు. ఆ తర్వాతే ఖాన్ భాయ్ నన్ను తీసుకుపోవడానికి వెనక్కి వచ్చాడు. అక్కడ మలయాళం నర్సు ఒకామె నా చెయ్యి పట్టుకుని, ఆఖరిసారి ఎప్పుడు ఏం తిన్నాడమ్మా అని హిందీలో అడిగింది. కాగితంలో రాయాలట. ఆ ఒక్కదానికే నా దగ్గర జవాబుంది. పొద్దున్నే తిన్నాడు. జొన్న రొట్టె, టమాట తొక్కు. ఇంకోటి వేయమని అడిగి మరీ తిన్నాడు. నేను చెబుతుంటే ఆమె రాయడం ఆపి నన్నే చూసింది.

రెండో రోజు బాబా వంటింట్లోకి వచ్చి నా పీట మీద కూర్చున్నాడు. అంత పెద్దమనిషి అలా కూర్చోవడం నేను చూడలేదు. "లేష్? ఎందుకు పిలవలేదు? ఒక్క కేక వేస్తే మందనంతా వదిలేసి దిగేవాణ్ణి, వల్లా, అల్లా మీద ఒట్టు" అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. ఆయన చెడ్డవాడని నేను రాయడం లేదు. నాకు వచ్చిన సగం అరబ్బీలో, "బాబా, కేక వేయొచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు" అన్నాను. ఆయన తల వంచుకున్నాడు. నీకేం కావాలో అడుగు అన్నాడు.

మంచె చూపించమన్నాను.

గుమ్మం దగ్గర నా కొడుకు బూట్లు అలాగే ఉన్నాయి. అవి వేసుకున్నాను. నాకు పెద్దవి. అడుగేస్తే లోపల కాలు జారుతుంది. బాబా ముందు నడిచాడు. అలవాటుగా మెల్లగా, గాలి చూసుకుంటూ నడిచాడు. నేను వెనక దబదబమని నడిచాను. రాళ్లు దొర్లాయి. ఏరేవాడు లేక మళ్లీ రాలిన పుల్లలు బూట్ల కింద పటపట విరిగాయి. కనిపించిన ప్రతి పుల్లనూ వెతికి తొక్కాను. బాబా ఒక్కసారి వెనక్కి చూశాడు. కాసేపటికి ఆయన కూడా మామూలుగానే నడిచాడు.

చెట్టు మొదట్లో వాడు ఆనుకున్న చోట బెరడు నున్నగా ఉంది. ఎన్ని పొద్దులు నిలబడ్డాడో అక్కడ. నేను దాన్ని పట్టుకుని అరిచాను. "చిన్నోడా!" అని, మా నాయిన చేనులో అరిచినట్టు, గొంతు పోయేదాకా అరిచాను. లోయ అవతల చెట్లలోంచి జింకలు లేచాయి. అన్నీ ఒక్కసారిగా లేచి, కొండ ఎక్కి అవతలికి దిగిపోయాయి. ఆ రోజు రాని జింకలు. నేను అరుస్తూనే ఉన్నాను. బాబా ఆపలేదు.

వాడు ఇప్పుడు తాయిఫ్ ఆసుపత్రిలో చల్లటి గదిలో ఉన్నాడు. ఊరికి పంపడానికి కాగితాలు ఇంకా రావాలి. నాకు ఎగ్జిట్ వీసా కొట్టించారు, వాడితోపాటే విమానంలో పోతాను. బాబా మంచె విప్పిస్తానన్నాడు. విప్పిస్తాడో లేదో చూడడానికి నేనుండను.

వాడు ఆఖరి సాయంత్రం ఏరి తెచ్చిన మోపు పొయ్యి పక్కనే ఉంది. ముట్టబుద్ధి కాలేదు ఇన్ని రోజులు. ఈ రోజు తాయిఫ్ నుంచి మన తెలుగు పిల్లలు కొందరు నన్ను చూడడానికి వస్తున్నారు. పొద్దంతా పనిచేసి, ఏమీ తినకుండా వస్తారు. అందుకని మోపు విప్పి అంటించాను. ఇది రాస్తుంటే పుల్లలు టపటపమంటున్నాయి. పెనం వేడెక్కింది. పిండి కలిపి పెట్టాను.

చదివిన మీరు కూడా లేచి, కడుపునిండా తినండి.