బావకు చెప్పని కబురు

ఇన్నేళ్లుగా నా గొంతులో ఒకటి అడ్డుపడి ఉంది. దగ్గితే పోయేది కాదు. మీరు నాకు ఏమీ కారు, అందుకే మీకు చెబుతున్నాను.

మాది పలాసలో కిరాణా కొట్టు. బేరంలో ముందు నోరు విప్పకూడదని నాన్న నేర్పాడు. ఊరుకుంటే ఎదుటివాడే భయపడి దిగుతాడు. ఆ విద్యలో నేను మొనగాణ్ణి.

నా భార్య అన్నకి పూండి దగ్గర జీడితోట ఉండేది. నేనెన్నిసార్లు అడిగినా అమ్మనన్నాడు. తొంభైల చివర్లో ఓ రోజు నా కొట్టులోనే నవ్వుతూ జీడిపప్పు నములుతుంటే ముక్క ఊపిరిగొట్టంలోకి జారింది. విశాఖ తీసుకెళ్లాను. డాక్టరు లోపలికి సన్నటి గొట్టం దింపి ముక్క తీశాడు. తీస్తూ మరొకటి చూశాడు: ఆ ఊపిరిగొట్టం గోడల నిండా గట్టి బుడిపెలు. ఒకదాన్నుంచి కాస్త తీసి, కేన్సరేమో చూడాలని పరీక్షకు పంపాడు.

ఫలితం కోసం నేనొక్కణ్ణే వెళ్లాను. "కేన్సర్ కాదు. చాలా అరుదుగా కనబడుతుంది. ఎముకలాంటి బుడిపెలు, అంతే. ప్రాణభయం లేదు," అన్నాడు.

రైలు దిగేసరికి బావ స్టేషన్లో నిలబడి ఉన్నాడు.

"ఏటన్నాడు బావా డాట్రు?"

చెప్పేద్దామనే నోరు తెరిచానా? తెరిచాననే అనుకుంటాను. కానీ అతని మొహం చూశాను. ధర దిగబోయేవాడి మొహం. ఊరుకున్నాను. కొట్టులో ఊరుకునేంతసేపే.

"సెప్పకులే. అర్దమైపోనాది." ప్లాట్‌ఫాం మీదే కూలబడ్డాడు. "పిల్లల్లేనోణ్ణి, తోట పరాయోడికి పోకూడదు. నువ్వే తీసుకో బావా."

తీసుకున్నాను. సిగ్గులేకుండా ధర కూడా తగ్గించాను. రిజిస్ట్రేషన్ అయ్యాక చెబుదామనుకున్నాను. అయ్యాక ఏ మొహంతో చెప్పను?

బావ చావలేదు. ఎందుకు చస్తాడు? కానీ బతకనూ లేదు. కొత్త పంచె కొనడు. కొబ్బరి మొక్క నాటమంటే, "కాపు సూత్తానేటి?" అంటాడు. మరో డాక్టరు గడప తొక్కడు. రోజూ నా కొట్టు ముందు బెంచీ మీద కూర్చుంటాడు. దగ్గినప్పుడల్లా రుమాలు విప్పి, రక్తం పడిందా అని వెతుక్కుంటాడు, పడదని తెలిసిన నేను తక్కెడ వైపు చూస్తూ ఉంటాను.

మొన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ రోజు టేసన్లో నువ్వు నోరిప్పలేదు. నానదిరిపోతానని దాసినావు. నీలాటి మనసు ఎవుడికుంటాది బావా?"

అప్పుడూ ఊరుకున్నాను.

మీకైతే చెప్పేశాను. గొంతు కాస్త వదులైంది. బయట బావ దగ్గుతున్నాడు. రుమాలు విప్పుతున్నాడు.