మెట్లకింది తొట్టిలో కోడిగుడ్డు

ఆ మేడలో కుట్టుపనావిడ ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా కాస్త ఆలోచిస్తారు. వానపాములావిడ అంటే మాత్రం పసిపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని మెట్లదాకా తీసుకొచ్చి దిగబెడతారు. రెండో అంతస్తులో ఆమె, ఆమె మొగుడు, ఇద్దరే. ఆమె కిటికీ పక్కన మిషను వేసుకుని చిరుగులు, జిప్పులు, బడి యూనిఫారాలు కుడుతుంది. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. నోట్లోంచి మాట ఊడిపడాలంటే ముహూర్తం చూడాల్సిన రకం.

ఆమె వానపాముల తొట్టి మెట్ల కింద ఉండేది. ఒకదాంట్లో ఒకటి కూర్చునే రెండు ప్లాస్టిక్ టబ్బులు. పైదాని అడుగున మేకు కాల్చి బెజ్జాలు పొడిచింది. తడిపి పిండిన పాత పేపరు పీలికలు పరిచి, మొక్కల నర్సరీలో పనిచేసే ఒకావిడ తడిగుడ్డలో మూటకట్టి ఇచ్చిన గుప్పెడు ఎర్ర వానపాముల్ని అందులో వదిలింది. పేపరు పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి గానీ ధార కారకూడదని ఆ నర్సరీ ఆవిడే చెప్పింది. మిగతాదంతా వానపాములే నేర్పాయి. కూరగాయ తొక్కలు, వాడేసిన టీపొడి, గుడ్డుపెంకుల పొడి ఇష్టంగా తినేవి. నిమ్మతొక్క వేస్తే ఆ మూలకే వెళ్ళేవి కావు. కత్తిరించగా మిగిలిన గుడ్డ ముక్కలు వేసి చూస్తే అచ్చమైన నూలు మట్టిలో కలిసిపోయింది, పాలిస్టరు కలిపిన కల్తీ గుడ్డ వలలాగా మిగిలింది.

"గుడ్డల కొట్టువాడు అబద్ధమాడతాడేమో గానీ నా వానపాములు ఆడవు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

కింది వాటాలో ఉండే ఇంటిగలావిడ మొదట ససేమిరా అంది. "మెట్ల కింద పురుగుల్ని పెంచుతావా? నీకేమైనా మతిపోయిందా?"

"పురుగులు కాదమ్మగారూ, పనివాళ్ళు. వాసనొచ్చిందంటే ఆ రోజే నా చేత్తో తీసుకెళ్ళి పారబోస్తాను. నాదీ పూచీ."

ఆ పూచీ మీదే తొట్టి నిలిచింది. నవ్విన నాపచేనే పండినట్టు, మొదట ముక్కు మూసుకున్నవాళ్ళే తర్వాత కుండీల్లోకి ఎరువు కావాలని డబ్బాలు పట్టుకొచ్చారు. అందరికంటే ముందు ఆమె తన వదినకు ఇచ్చింది. వదినంటే మొగుడి అక్క. కళ్ళజోళ్ళ దుకాణం వెనకవీధిలోనే ఆవిడ ఇల్లు. ఎరువుతో సరిపెట్టకుండా వానపాముల్లో సగం తీసిచ్చి, టబ్బుకి బెజ్జాలు కూడా తనే పొడిచి వచ్చింది. తోడబుట్టిన అక్క లేని లోటు ఈ వదినతో తీరిందని ఆమె నమ్మకం. మనసులో ఏ నలుసు పడినా ఆవిడ దగ్గరే చెప్పుకునేది.

"వదినా, మీ తమ్ముడు బాక్సు రోజూ కడిగినట్టు ఖాళీగా తెస్తారు. నచ్చే తింటున్నారంటావా? మనిషి నోరు విప్పడు కదా."

"నచ్చకపోతే మెతుకు మిగల్చకుండా తింటాడటే పిచ్చిమొహమా! దుకాణంలో వాళ్ళందరికీ నీ వంట గురించే చెప్తాడు" అనేది వదిన, బుగ్గ పుణుకుతూ.

ఆ మాట మోసుకుంటూ ఆమె మేడమెట్లు ఎగురుతూ ఎక్కేది.

అంతా బాగున్న సమయంలో తొట్టి వాసన కొట్టడం మొదలైంది. పుల్లటి వాసన, మురిగిన వాసన. మూత తీస్తే వానపాములు గోడలంట పాకి మూతకి అతుక్కుని ఉన్నాయి, ఇల్లు కాలుతుంటే జనం డాబా ఎక్కినట్టు. తడి ఎక్కువైందేమోనని పొడి పేపరు కలిపింది. తొక్కలు మానేసి పస్తు పెట్టింది. గుడ్డుపెంకుల పొడి రెట్టింపు చల్లింది. ఒకరోజు తగ్గినట్టే తగ్గి మళ్ళీ గుప్పుమంది.

ఇంటిగలావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది. "నాదీ పూచీ అన్నావు, గుర్తుందా? పోనీలే, కష్టపడ్డావని ఆదివారం దాకా ఆగుతా. ఆ తర్వాత ఇది ఇక్కడ కనబడకూడదు."

ఇక లాభం లేదని, మర్నాడు మొగుడు పనికి వెళ్ళాక గోనెపట్టా పరిచి తొట్టి మొత్తం బోర్లించింది. అడుగున, గోడ వైపు మూలలో, నూనె మెరుస్తున్న అన్నం ముద్దలు. ఉప్పూ కారం కలిసిన కూర. వానపాము ఒంటికి అంతకంటే నిప్పులు నయం. ఏ పిల్లకాయల పనోనని తిట్టుకుంటూ పుల్లతో కెలికితే సగం కోడిగుడ్డు దొర్లింది.

ఆ గుడ్డు చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది. ఉడికిన గుడ్డును ఆమె కత్తితో కొయ్యదు. మిషను మీది దారంతో కోస్తుంది. దారం కోత అద్దంలా నున్నగా ఉంటుంది, పచ్చసొన చెదరదు. ఆ మేడలో అలా కోసేవాళ్ళు ఇంకెవరూ లేరు. పైగా ఆమె గుడ్డు తినదు. వండేది ఆయన బాక్సు కోసమే.

కోపం రాలేదు. ముందు భయం వేసింది. కడుపులో ఏదైనా జబ్బా? తినలేక, చెప్పలేక ఇక్కడ పూడుస్తున్నాడా? ఎవరినడగాలి? ఇంకెవరు, వదినే. బతికిన కాసిని వానపాముల్ని కొత్త పేపర్లో సర్ది, తనిచ్చినవాటిలో సగమైనా తిరిగి అడిగి తెచ్చుకుందామని గిన్నె ఒకటి చేత పట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచింది.

వదిన ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసింది. ఎదురుగా బల్ల దగ్గర మొగుడు. కంచం నిండా అన్నం. అక్క పక్కన నిలబడి కూర వడ్డిస్తోంది. గుమ్మం పక్కన చెప్పుల బల్ల మీద, పొద్దున ఆమె కట్టిచ్చిన బాక్సు, వేసిన గొళ్ళెం వేసినట్టే ఉంది.

ఆయన తేలు కుట్టిన దొంగలా ముద్ద చేతిలో పట్టుకుని ఉండిపోయాడు. వదినే తేరుకుంది. "రావే, రా. ఇవాళేదో ఇలా వచ్చాడని..."

"ఇవాళేనా వదినా?"

వదిన గరిటె వంక చూసింది. "చిన్నప్పట్నుంచీ నా చేతి వంట తిన్నవాడు. నీకు చెప్తే బాధపడతావని..."

"ఎప్పట్నుంచి?"

వదిన కూరగిన్నె మీద మూత సర్దింది. చాలాకాలంగా ఇదే నడుస్తోందని ఆమెకు అర్థమైంది. "నేను నిన్నే అడిగాను కదా వదినా, నచ్చుతోందా అని? నచ్చలేదని ఒక్క ముక్క చెప్తే మార్చుకునేదాన్ని కదా. నా బుగ్గ పుణికి మరీ చెప్పావు."

"నీ సంతోషం కోసమే కదే!"

ఆమె మొగుడి వైపు తిరిగింది. "మరి తొట్టిలో పూడ్చకముందు ఎక్కడ పారేసేవారు?"

"వీధి కుక్కకి పెట్టేవాణ్ణి. అది ఈమధ్య కనబడట్లేదు" అన్నాడాయన కంచంలోకి చూస్తూ. "నీ వానపాములు వేసినవన్నీ తింటాయని అందరితో అంటుంటావు కదా. తెల్లారేసరికి తినేస్తాయనుకున్నా."

ఆమెకు నవ్వు రావలసిన మాటే. రాలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టుంది ఆమె పని. పెరట్లోకి వెళ్ళి, ఎవరినీ అడక్కుండా, వదిన టబ్బు మూత తీసింది. నల్లటి మట్టి, నిగనిగలాడే వానపాములు. మొగుడు ఇక్కడ తింటున్నాడు, వానపాములూ ఇక్కడే చల్లగా ఉన్నాయి. గిన్నెలోకి మట్టితో సహా నాలుగు దోసిళ్ళు తీసుకుని వెనక్కి చూడకుండా వచ్చేసింది.

సాయంత్రం ఆయన వచ్చేసరికి ఆమె మెట్ల కింద కూర్చుని తొట్టిలోకి పేపరు చింపుతోంది, ఇంటిగలావిడ దగ్గరే నిలబడి ఉంది. తొట్టిలో అన్నం దొరికిందని తెలిసి ఇద్దరు ముగ్గురు పక్కవాటాల వాళ్ళూ చేరారు. "ఇంతకీ అందులో అన్నం వేసిందెవరే?" అని ఇంటిగలావిడ నిలదీసింది.

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఆమె నోరు కట్టుకుంది. తన మొగుడే తనంతట తాను చెప్తాడని చిన్న ఆశ.

"పిల్లులు లాక్కొచ్చి వేసుంటాయండీ" అన్నాడాయన, ఖాళీ బాక్సు చేతిలో ఊపుకుంటూ.

అప్పుడు కాలింది ఆమెకు. "మూత తీసి, అడుగు దాకా గోతి తవ్వి, పూడ్చి, మళ్ళీ మూత పెట్టే పిల్లులా? ఈయనేనమ్మగారూ. నేను కట్టిచ్చిన అన్నమే."

ఇంటిగలావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత అంది, "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నీ వానపాములు పట్టాయి. తొట్టి ఉండనీలే. ఆ మనిషినే కొన్నాళ్ళు మెట్ల కింద పెట్టు." అందరూ పగలబడి నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆమె మాత్రం వంగి పేపరు చింపుకుంటూనే ఉంది.

జనం వెళ్ళాక ఆయన పక్కన చతికిలబడి తనూ ఒక పేపరు తీసుకున్నాడు. "రేపు బాక్సు కట్టు. తింటా, నిజంగా."

"వద్దు. మీ అక్కయ్యనే పెట్టమనండి." ఆయన చేతిలోని పేపరు మెల్లిగా లాక్కుంది. "ఇది నేను చింపుకుంటాను. మీరు పైకెళ్ళండి."

ఆయన ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే అడుగుల చప్పుడు ఆమె నెత్తిమీదుగానే వెళ్ళింది. పీలికలు పరిచి, గిన్నెలోని మట్టిని మధ్యలో కుప్పగా పోసింది. కొత్తచోటు బెదురుతో వానపాములు అంచుల వైపు పాకాయి. వెలుతురుంటే లోపలికి దిగుతాయని మెట్లకింది దీపం వేసి, మూత పెట్టకుండా, చివరిది కనుమరుగయ్యేదాకా అక్కడే కూర్చుంది.