షాబాద్ బండ మీద ఆయిల్ మరక

అజీజ్‌నగర్‌లో బస్సు దిగేసరికి ఉదయం ఏడయింది. వాన పడుతోంది. భుజాన సైన్యం నుంచి తెచ్చుకున్న సంచి, చేతిలో ట్రంకుపెట్టె. రోడ్డు నుంచి రిసార్టు గేటు దాకా ఎర్రమట్టి, బూట్లు మునిగే బురద.

మీరంతా నన్ను సరిహద్దు కబుర్లు అడుగుతారు. మంచు గురించి, తూటాల గురించి. అవి ఇంకోసారి చెబుతాను. సైన్యంలో ఇన్నేళ్లు బండ్లు నడిపాను, విప్పాను, బిగించాను. పింఛనుతో ఇంటికొచ్చాక చేసిన ఈ డ్యూటీ మాత్రం నాకు నిజంగా రోత పుట్టించింది. ఇవాళ దాని గురించే చెబుతాను.

హోదా, సెక్యూరిటీ సూపర్‌వైజర్. ఇచ్చిన సామాను: విజిల్, టార్చి, లాఠీ, వాకీటాకీ సెట్టు, ఎవరో విడిచిన రెయిన్‌కోటు. కోటు లోపల పాత చెమట వాసన. గేటు పక్కన రేకుల గది నా పోస్టు. గట్టి వాన పడితే ఆ గదిలో సెట్టులో మాట వినబడదు. డ్యూటీ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు.

మేనేజరు నన్ను పోర్టికోలోకి తీసుకెళ్లి మొదటి ఆర్డరు ఇచ్చాడు. నేలంతా షాబాద్ బండలు, నున్నగా, బూడిదరంగులో. మధ్యలో అరచేయంత నల్లటి మరక.

"గెస్టులు కారు దిగగానే ఇదే కనబడుతుంది. ఇది రిసార్ట్ అండీ, మెకానిక్ షెడ్ కాదు. ఈ మరక నాకు కనబడకూడదు."

మరక ఎక్కడిదని అడిగాను. పక్కనే నిలబడ్డ పాత డీజిల్ పికప్‌ను చూపించాడు. పొద్దున చేవెళ్ల మార్కెట్ నుంచి కూరగాయలు తెస్తుంది. మధ్యాహ్నం వంటింటి చెత్త ఎత్తుకుపోతుంది. వంటింటి తలుపు పోర్టికోలోకే ఉంది కాబట్టి అక్కడే ఆగాలి.

"బండి బాగుచేస్తే మరక పడదు కదా సార్."

"బండి రిపేరు మీ పని కాదు. మీ పని మరక."

రోగం ఒకటి, మందు ఒకటి. సైన్యంలోనూ బుర్రలేని ఆర్డర్లు విన్నాను. ఇంత నున్నటి గొంతుతో వినలేదు.

ఆ మరక తుడిచే పని డ్రైవరు తల్లిది. అక్కడ ఊడ్చే మనిషి. అరవై దాటింది. అందరూ ఆమెను అవ్వ అంటారు. బండి కదలగానే సర్ఫు, కిరోసిన్, బ్రష్షుతో వచ్చి మోకాళ్ల మీద కూర్చునేది. "జర కాలు పక్కకు పెట్టు బిడ్డా" అంటే గెస్టులు ఫోను చెవి నుంచి తీయకుండానే కాలు జరిపేవాళ్లు. కింద మనిషి ఉందని చూసినవాణ్ని నేను చూడలేదు.

మరక రోజురోజుకూ పెద్దదయింది. ఆదివారం ఒక పెద్ద పెళ్లి ఉంది. ఆ రోజు చుక్క పడితే బండినీ డ్రైవరునూ తీసేసి, బయటి బండిని మాట్లాడతానని మేనేజరు చెప్పేశాడు. డ్రైవరు నా రేకుల గదిలో చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. తాగలేదు.

"అన్నా, ఇద్దరం పనిచేస్తెనే మొయినాబాద్‌ల కిరాయి కట్టి తింటున్నం. నాకైతే ఇంకో బండి దొరుకుతది. నన్ను తీసేస్తే అవ్వను ఉంచుతడా? గీ వయసుల ఆమెను ఎవ్వరు పనికి పెట్టుకుంటరు?"

"బండి నేను విప్పుత. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను.

కూలి అడగనన్నాక మేనేజరు ఒప్పుకున్నాడు. గెస్టులకు కనబడకూడదన్నది షరతు. అందుకని వంటింటి వెనక, చెత్తగుంట పక్కన బండి పెట్టించాడు. మిగిలిపోయిన బిర్యానీ, కుళ్లిన పెరుగు, ఈగలు. గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాను. మీద ఆయిల్, పక్కన చెత్తనీళ్లు. బంకర్లో చలికి వణికాను గానీ ఏనాడూ ముక్కు మూసుకోలేదు.

అంతకుముందు ఎవరో మెకానిక్ ఆయిల్ జిడ్డు తుడవకుండానే దాని మీద ఇంత గమ్ము పూసి పంపాడు. పుండు కడగకుండా పట్టీ వేసినట్టు. హాక్సా బ్లేడు ముక్కతో అదంతా గీకేశాను. డీజిల్‌తో, బ్రష్షుతో ఇంజిన్ కడిగి ఆరబెట్టాను. ఆరాక అవ్వను అడిగి ముగ్గుపిండి తెప్పించుకుని, ఇంజిన్ అడుగంతా చల్లాను. డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. తెల్లపిండి మీద తడి ఎక్కడ పాకుతుందో చూస్తూ పడుకున్నాను. ఆయిల్ చాంబరు అతుకు వెంట నల్లటి గీత దిగింది.

సెట్టు గరగరలాడింది. వంటమనిషి.

"కిచెన్ నుంచి గేటుకు. అన్నా, ఇంక బండి కిందనే ఉన్నవా?"

"ఉన్న."

"సారు గెస్టులకు తోట చూపిస్తుండు. కాళ్లు లోపలికి గుంజుకో."

గుంజుకున్నాను. ఈ దేశం కోసం పొట్టమీద పాకినవాణ్ని, గెస్టులకు బూట్లు కనబడకుండా చెత్తగుంట పక్కన ముడుచుకుని పడుకున్నాను.

ఆయిల్ గోరువెచ్చగా ఉండగానే డబ్బాలోకి దించాను. చాంబరు బోల్టులు విప్పాను. రెండు అంచులూ పెట్రోలు గుడ్డతో తుడిచి, మధ్యలో ఆయిల్ ఆపే కొత్త గాస్కెట్ వేశాను. బోల్టులు ఒక పక్కనుంచి బిగించుకుంటూ పోకూడదు. ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. కొలపుల్ల మీద గీత చూసుకుని కొత్త ఆయిల్ పోశాను. మర్నాడు బండి చేవెళ్ల వెళ్లి వచ్చింది. పోర్టికోలో ఆగింది. నాలుగు చుక్కలు పడ్డాయి.

అవ్వ బ్రష్షు తెచ్చుకుని కూర్చుంది.

నాకు నా పని మీదే అసహ్యం వేసింది. బండిని మళ్లీ వెనక్కి పెట్టించి, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేశాను. మూత ఎగిరెగిరి పడింది. లోపల్నుంచి పొగ బుసకొట్టింది. ఇంజిన్ లోపలి గాలి బయటికి పోవడం లేదు, అందుకే ఆయిల్‌ను అతుకుల్లోంచి నెడుతోంది. ఆ గాలి పోవడానికి ఒక రబ్బరు గొట్టం ఉంటుంది, ఇంజిన్ మీదినుంచి కిందికి వేలాడుతూ. దాన్ని తడుముతూ వెళ్లాను. బంపరు వెనక నా వేళ్లకు నల్లతాళ్లు తగిలాయి.

దిష్టితాళ్లు. ఒకదాని మీద ఒకటి, ఎండిన నిమ్మకాయలు, మిరపకాయలతో. వేడికి మెత్తబడ్డ గొట్టం వాటి కింద అట్టముక్కలా అణిగిపోయింది. నిన్న కూడా చూశాను వాటిని. మాది చర్చికెళ్లి ప్రార్థన చేసుకునే ఇల్లు. పక్కవాళ్ల మొక్కుల మీద చెయ్యి వేయొద్దని మా బాపు నేర్పాడు. అందుకని ముట్టుకోకుండా పని చేసుకున్నాను.

అవ్వను పిలిచాను.

"నేనే కట్టిన కొడుకా" అంది. "ముందట బంపరుకు కడితే సారు తెంపి పారేసిండు. గెస్టులు నవ్వుతరట. గందుకే కనబడకుండ లోపల ఈ గొట్టంకు కట్టిన. అమాస అమాసకు ఒకటి. ఆయిల్ ఎక్కువ కారినప్పుడు ఇంకింత గట్టిగ బిగించిన."

గొట్టం ఎందుకుందో చెప్పాను. ఆమె అణిగిన గొట్టాన్ని వేలితో నొక్కి చూసింది.

"అంటే నేను తుడిచే ఆయిల్ నేనే కారిపిస్తున్ననా?"

"నువ్వు కాదవ్వా. బంపరుకు కట్టనియ్యనోడు."

కత్తెర తీశాను. వద్దంది. కట్టిన చెయ్యే విప్పాలంది. ఒక్కో ముడినీ గోళ్లతో, పళ్లతో విప్పింది. వాటిని లోపలి ఇనుప రాడుకు కట్టించాను. నలిగిన గొట్టం తీసేసి, డ్రైవరు చేవెళ్ల నుంచి తెచ్చిన కొత్తది తొడిగాను. ఆయిల్ దించి, చాంబరు అతుకు మళ్లీ విప్పి ఇంకో గాస్కెట్ వేశాను.

ఆదివారం పెళ్లి జరిగింది. బండి పోర్టికోలో మూడుసార్లు ఆగింది. బండ పొడిగా ఉంది. మేనేజరు వంగి చూసి "గుడ్" అన్నాడు. డ్రైవరు ఉద్యోగం నిలబడింది. వంటమనిషి నాకు ఓ పళ్లెం నిండా మటన్ పంపాడు. పోస్టింగులో అదొక్కటే మంచి పూట.

సోమవారం మధ్యాహ్నం సెట్టులో మేనేజరు గొంతు.

"గేట్, వినబడుతోందా? ఆ క్లీనింగ్ ముసలావిడకి చెప్పండి, రేపటి నుంచి రావద్దని. మరకలు లేవుగా. మిగతా ఫ్లోర్ క్లీనింగ్ అంతా మెషీన్ చూసుకుంటుంది."

సెట్టులో మాట నా ఒక్కడికే కాదు, అందరికీ వినబడుతుంది. తోటలో ఒకటి, వంటింట్లో ఒకటి ఉన్నాయి. అవ్వ అప్పుడు వంటింట్లోనే గిన్నెల దగ్గర ఉంది. ఎదుట నిలబడి చెప్పే దమ్ము లేదు, గేటు కాడి మనిషితో చెప్పిస్తాడట. ఒళ్లు మండింది. శత్రువు మీద కూడా నాకింత రోత పుట్టలేదు.

విజిల్, టార్చి, లాఠీ, సెట్టు, ఆ కంపు కోటు తీసుకెళ్లి అతని టేబులు మీద పెట్టాను.

"బండి రిపేరు నా పని కాదన్నరు సార్. ఈ మాట చెప్పుడు కూడ నా పని కాదు."

డ్రైవరు మానలేదు. ఇంట్లో ఒక్కరైనా సంపాదించాలి కదా. అతన్ని నేను తప్పుపట్టను. సాయంత్రం అవ్వనూ నన్నూ ఆ బండిలోనే మొయినాబాద్‌లో దింపుతానని పోర్టికో నుంచి బయటికి తీసి ఆపాడు.

నేను పెట్టె ఎక్కించాను. అవ్వ ఎక్కలేదు. వెనక్కి నడిచి, బండి అప్పటిదాకా ఆగిన చోట మోకాళ్ల మీద కూర్చుంది. బ్రష్షు లేదు. ఉత్త అరచేత్తో బండను ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమిరింది. లేచి వచ్చి ఆ చెయ్యి నా ముందు చాపింది. మొహమంతా నవ్వు.

"చూడు కొడుకా. ఒక్క చుక్క లేదు."

నిజమే, చెయ్యి పొడిగా ఉంది. కానీ అరచేతి గీతల్లో ఇన్నాళ్లు తుడిచిన ఆయిల్ నల్లగా అలాగే ఉండిపోయింది. సరిహద్దులో చూసినవి చాలావరకు మరిచిపోయాను. నా ముందు చాపిన ఆ చెయ్యి మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.