రోజుకో కోటు మాయ్వోర్

మాయ్వోర్‌కి ఒకటే పిచ్చి. నిన్న వేసుకున్న కోటు ఇవాళ వేసుకోదు.

మా కాలిక్స్ ఊరి చలికి టోపీ, మఫ్లరు చుట్టుకుంటే మనిషికి ముక్కు తప్ప మిగలదు. అందుకని ఊళ్ళో అందరం కోటు చూసే మనిషిని గుర్తుపడతాం. ఒకసారి కొంటే చిరిగేదాకా అదే కోటు. ఈవిడ మాత్రం పాతబట్టల కొట్లన్నీ ఊడ్చుకొచ్చింది. కర్టెన్ గుడ్డతో కుట్టిందొకటి, ఎలుగుబంటి కూడా సిగ్గుపడే బొచ్చుదొకటి. పైగా సగం మా సుఖవ్యాధుల క్లినిక్ కొక్కేలకి వదిలేసి పోయేది. నర్సుని కదా, వాటిని దులపలేక నా ప్రాణం పోయేది.

ఆవిడ పని పై అంతస్తు ల్యాబులో, గనేరియా క్రిమి మీద. కాఫీ వేళ మేం దాల్చినచెక్క బన్ను నోట్లో పెట్టుకోబోతుంటే మొదలెట్టేది.

"దాని ఒంటి మీది ప్రొటీన్లే దాని కోటు. మన ఒంట్లో కాపలావాళ్ళు ఆ కోటు గుర్తుపట్టేలోపు, జన్యువు కాస్త మార్చేసి ఇంకోటి తొడుక్కుంటుంది! అందుకే ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వస్తుంది."

"నిన్న చెప్పావు కదా తల్లీ!"

"నిన్న చెప్పింది వేరే ప్రొటీన్!"

ఒక ఫిబ్రవరిలో రాగ్న్‌హిల్డ్ వచ్చింది. చర్చిలో పాటలు నేర్పే ఆవిడ. భర్త పోయిన చాన్నాళ్ళకి ఒక తోడు దొరికింది. తోడుతోపాటు గనేరియా కూడా. నేను ఇంజెక్షన్ సిద్ధం చేస్తుంటే తలుపు సందులోంచి బయటికి చూసి కొయ్యబారిపోయింది. పక్కగదిలో రక్తపరీక్ష కోసం వరండాలో బెరిట్ కూర్చునుంది. బెరిట్‌కి తెలిస్తే ఊరికి తెలిసినట్టే.

"నాకే మందూ వద్దు. కిటికీలోంచి దిగిపోతా," అంది, ఆవపిండి రంగు కోటు గుండెకి హత్తుకుని.

"మందు లేకపోతే ఒళ్ళు పాడవుతుంది!" అన్నాను. వింటేగా!

అంతలో శాంపిళ్ళ కోసం మాయ్వోర్ వచ్చింది. రాగ్న్‌హిల్డ్ ముఖం, ఆ కోటు చూసి, ఏమీ అడక్కుండా ఒంటి మీది కర్టెన్ కోటు విప్పింది.

"సూది వేయించుకుని ఇది తొడుక్కో. నీది ఇటివ్వు."

"నా కోటు నీ ఒంటి మీద చూసి ఎవరైనా అడిగితే?"

"నేనేం వేసుకున్నా నవ్వుతారు. ఎవరడుగుతారు?"

ఆవపిండి రంగు కోటు తగిలించుకుని మాయ్వోర్ వరండాలోకి రాగానే బెరిట్ అడగనే అడిగింది. "అది రాగ్న్‌హిల్డ్ కోటు కదే?"

"బావుందని అడిగి తెచ్చుకున్నా. అన్నట్టు బెరిట్, గనేరియా క్రిమి కోటు సంగతి నీకు చెప్పానా?"

"నీ పిచ్చి తగలెయ్య, నన్నొదిలెయ్!" బెరిట్ గోడవైపు తిరిగిపోయింది. సూది వేయించుకున్న కర్టెన్ కోటు ఆవిడ వెనకనుంచే మెల్లగా వెళ్ళిపోయింది.

అప్పుడు నాకు వెలిగింది. "కొక్కేలకున్నవన్నీ మర్చిపోయి వదిలేశావనుకున్నానే! ఇన్నాళ్ళూ అవి ఎవరెవరు వేసుకెళ్ళారు?"

మాయ్వోర్ ఆవపిండి కోటు గుండీలు పెట్టుకుంటూ అంది. "అదా? అది మర్చిపోయాను."