తప్పినవాళ్ల జవాబులు

మా లోవరాజు బాబాయి రాజోలు దగ్గర లాంచీ మీద పదేళ్లు కళాసీగా చేశాడు. చుక్కాని చేతికి రావాలంటే సరంగు పరీక్ష పాసవ్వాలి. 1951 నాటికి రెండుసార్లు తప్పాడు. "మూడోసారీ తప్పేవంటే చుక్కాని ఇంకోళ్లకిచ్చేస్తానయ్యా," అని లాంచీ యజమాని పెద్దిరాజుగారు తేల్చి చెప్పేశారు.

ఆ పరీక్షకి చదవడానికి పుస్తకమంటూ లేదు. కాకినాడలో ఆఫీసరుగారి ఎదుట నిలబడి నోటితో జవాబు చెప్పాలి. అందుకని బాబాయి, పరీక్షకి వెళ్లొచ్చిన ప్రతి కళాసీనీ పట్టుకుని టీ ఇప్పించేవాడు. "ఏం అడిగేరండి? మీరేం చెప్పేరండి?" అని కూపీ లాగి నోటుబుక్కులో రాసుకునేవాడు. నూటపన్నెండు ప్రశ్నలు పోగయ్యాయి. అన్నీ కంఠతా పట్టాడు. అంత చదివినవాడు ఎలా తప్పుతున్నాడో ఎవరికీ అంతుపట్టలేదు.

ఒకరోజు బుజ్జమ్మ పిన్ని చేపలు తోముతూ, "ఏవండీ, ఈ జవాబులు చెప్పినోళ్లలో ఎందరు పాసయ్యేరండి?" అని అడిగింది.

బాబాయి వేళ్లు మడిచి చూసుకున్నాడు. పదకొండు మందిలో ఇద్దరు! ఇన్నాళ్లూ తప్పినవాళ్ల తప్పులే బట్టీ పట్టాడన్నమాట. నేనైతే ఆ నోటుబుక్కు గోదాట్లో విసిరేసేవాణ్ణి. బాబాయి ప్రశ్నలుంచుకుని జవాబులన్నీ కొట్టేశాడు.

ఇక ఆ ప్రశ్నలు గోదావరినే అడగసాగాడు. వంపులో లోతు ఏ ఒడ్డున? గెడ వేసి చూశాడు. లోపలి ఒడ్డున ఇసకమేట, బయటి ఒడ్డున గెడకందని లోతు. ఎందుకలా? నీరు ఏ ఒడ్డుని కోసుకుపోతోందో కనిపెట్టేదాకా వదల్లేదు. తెలియనివి పాత సరంగులని అడిగి విసిగించాడు. పుష్యమాసపు మంచులో మెల్లగా పోతున్న లాంచీ కూడా మేట ఎక్కేయడం కళ్లారా చూశాడు. జవాబు పక్కన 'చూశాను' అని రాసుకున్నాకే తర్వాతి ప్రశ్న. ఆ పిచ్చి చూస్తే నాకు ముచ్చటేసేది.

మూడోసారి పరీక్షలో ఆఫీసరుగారు అడిగారు: "మంచు కమ్మేసింది. ఒడ్డు కనిపించదు. ఏం చేస్తావు?"

కొట్టేసిన పాత జవాబు, 'కూత వేసుకుంటూ మెల్లగా పోతాను' అని. బాబాయి, "లాంచీ ఆపి లంగరేస్తానండి. గంట కొడుతూ ఉంటానండి," అన్నాడు.

"ఆలస్యమైందని జనం తిట్టరూ?"

"ఆయ్, తిడతారండి. తిట్టనియ్యండి. బతికుంటేనే కదండీ తిట్టేది."

ఆఫీసరుగారు ఇంకో ప్రశ్న అడగలేదు. కాగితం మీద సంతకం పెట్టి బాబాయి చేతికిచ్చారు.